ఆ తూటాలు నా పేరు చెప్పి పేల్చారు

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక పశువైద్యురాలి అత్యాచారం, హత్య కేసులో తమ కస్టడీలో ఉన్న నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. వాళ్లలో ముగ్గురు మైనర్లని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, అక్కడున్న పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తర్వాత చెప్పింది. కానీ ఆ రోజు ఉదయం వంతెన మీద నుంచి జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆడవాళ్లు రాఖీలు కట్టారు. టపాసులు పేలాయి, స్వీట్లు పంచుకున్నారు. ఇదంతా ఆడపిల్లల కోసమే అన్నారు. అంటే నాలాంటి వాళ్ల కోసం.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మనిషిని. ఔటర్ పక్కన సర్వీస్ రోడ్డు మీద చీకటి పడ్డాక స్కూటీ నడపడమంటే ఏమిటో నాకు తెలుసు. వెనక బండి లైటు కనిపిస్తే గుండె ఎలా కొట్టుకుంటుందో, టైరు మెత్తగా అనిపిస్తే ఆపాలా వద్దా అన్న టెన్షన్ ఎలా ఉంటుందో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. నవంబర్ 27 రాత్రి తొండుపల్లి టోల్‌గేట్ దగ్గర ఆ పశువైద్యురాలికి జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు వణుకుతుంది. అందుకే ఈ మాట గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. ఆ నలుగురిని అలా చంపడం నాకు న్యాయంగా అనిపించలేదు. నా పేరు చెప్పి పోలీసుల చేతికి ఆ అధికారం ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

ఆ డిసెంబర్ ఉదయం మా ఆఫీసు వాట్సాప్ గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలు. నేను బాగా గౌరవించే ఒక సీనియర్ మేడమ్ "ఇప్పుడు హాయిగా నిద్రపోవచ్చు" అని రాశారు. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. వారం రోజులుగా మేమెవరం సరిగ్గా తిన్నది లేదు, నిద్రపోయింది లేదు. కానీ ఆ హాయి దేని నుంచి వచ్చింది? మర్నాడు రాత్రి రోడ్డు మీద ఏం మారింది?

నవంబర్ 27 రాత్రి అసలు పోలీసులు ఏం చేశారో ముందు గుర్తుచేసుకోవాలి. చెల్లెలికి ఫోన్ చేసి భయంగా ఉందని చెప్పిన అమ్మాయి ఆ తర్వాత ఫోన్ ఎత్తకపోతే, ఆ కుటుంబం పరిగెత్తింది పోలీసుల దగ్గరికే. ఇది మా పరిధి కాదు, ఆ స్టేషన్‌కు వెళ్లండి అన్నారు. ఎవరితోనైనా వెళ్లిపోయిందేమో అని కూడా అన్నారని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఫిర్యాదు తీసుకోవడంలో ఆలస్యం చేశారని ఒక ఎస్సైనీ ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లనూ తర్వాత సస్పెండ్ చేశారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ కట్టొచ్చన్న సంగతి అప్పటికే ఉంది. దేశమంతా ఆ మాట నేర్చుకున్నది మాత్రం ఆ అమ్మాయి చనిపోయాకే.

డిసెంబర్ 5 దాకా జనం కోపం పోలీసుల మీదే ఉంది. షాద్‌నగర్ స్టేషన్ ముందు చెప్పులు విసిరారు, రాళ్లు రువ్వారు. డిసెంబర్ 6 ఉదయానికి అదే పోలీసులు దేవుళ్లయ్యారు. పరిధి గొడవ ఏమైంది, పెట్రోలింగ్ ఎందుకు లేదు, హైవే పక్కన అంతసేపు లారీ ఆపుకుంటే ఎవరూ ఎందుకు అడగలేదు అన్న ప్రశ్నలన్నీ ఆ కాల్పుల శబ్దంలో కొట్టుకుపోయాయి. విచారణ జరిగి ఉంటే వీటిలో కొన్నయినా కోర్టులో రికార్డయ్యేవి. సాక్షుల్ని క్రాస్ చేసేవాళ్లు, ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో బయటికొచ్చేది. నిందితులు చచ్చిపోతే కేసు ముగుస్తుంది. కేసు ముగిస్తే వ్యవస్థ తప్పులు కూడా ముగిసిపోతాయి. ఎన్‌కౌంటర్‌తో అందరికంటే ఎక్కువ లాభపడింది ఎవరు అని ఆలోచిస్తే నాకు ఈ జవాబే కనిపిస్తుంది.

"చట్టం తన విధిని నిర్వర్తించింది" అన్నారు ఆ రోజు ప్రెస్‌మీట్‌లో సైబరాబాద్ కమిషనర్. చట్టం ఏమంటుందో ఒకసారి చూద్దాం.

రాజ్యాంగం 21వ అధికరణం ప్రకారం చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ తీయకూడదు. అందులో పౌరుడు అని కూడా లేదు, వ్యక్తి అని ఉంది. అందుకే 26/11 దాడిలో పట్టుబడ్డ కసబ్‌కు కూడా లాయర్ని ఇచ్చాం, ట్రయల్ జరిపాం, సుప్రీంకోర్టు దాకా అప్పీలు విన్నాం, 2012 నవంబర్‌లో ఉరి తీశాం. నేను ఉరిశిక్షను సమర్థించే మనిషిని కాదు. అయినా అంత పెద్ద దాడి చేసిన విదేశీయుడికి ఇచ్చిన పద్ధతిని నారాయణపేట జిల్లా నుంచి లారీ పనికొచ్చిన కుర్రాళ్లకు ఎందుకు ఇవ్వలేకపోయాం?

22వ అధికరణం ప్రకారం అరెస్టయిన మనిషికి కారణం చెప్పాలి, నచ్చిన లాయర్ని పెట్టుకోనివ్వాలి, ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ఈ కేసులో బయట జనం ఉన్నారని నలుగురినీ కోర్టుకు తీసుకెళ్లలేదు. తహసీల్దారే స్టేషన్‌కు వచ్చి రిమాండ్ ఇచ్చారు. స్థానిక బార్ అసోసియేషన్ వాళ్ల తరఫున ఎవరూ వాదించరని తీర్మానించింది. ఇలాంటి తీర్మానాలు చెల్లవని, రాజ్యాంగానికీ వృత్తి ధర్మానికీ విరుద్ధమని సుప్రీంకోర్టు 2010లోనే మహమ్మద్ రఫీ కేసులో చెప్పింది. లాయర్లే ఆ తీర్పును పట్టించుకోకపోతే కానిస్టేబుల్‌ను మనం ఏమని అడుగుతాం? ఆ నలుగురికీ డిసెంబర్ 6 కంటే ముందే రాజ్యాంగం మూసుకుపోయింది. తూటాలు చివర్లో వచ్చాయి.

పోలీసులు అసలు బలప్రయోగమే చేయకూడదని నేను అనను. కత్తి పట్టుకుని మీదికొచ్చేవాడిని ఆపాలి. తగలబెట్టడానికి వచ్చే గుంపును చెదరగొట్టాలి. చట్టం దానికి దారి పెట్టింది. పారిపోయేవాడిని పట్టుకోవడానికి అవసరమైన బలం వాడొచ్చు. మరణశిక్షో జీవిత ఖైదో పడే నేరం ఆరోపణ లేనివాడిని పట్టుకునేటప్పుడు ప్రాణం తీసే హక్కు లేదు. ఇది పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 46వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 43. హత్యాచార నిందితులకు ఈ రక్షణ వర్తించదు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, ఆ వాక్యం వర్తించదు. కానీ దాని ముందున్న వాక్యం వర్తిస్తుంది. అరెస్టుకు ఎంత అవసరమో అంతే బలం. అరెస్టయి, కస్టడీలో, పదిమంది సాయుధుల మధ్య ఉన్న నలుగురిని పట్టుకోవడానికి ఎంత బలం కావాలి?

ఇక మిగిలింది ఆత్మరక్షణ. అది మనందరికీ ఉన్న హక్కే, పోలీసులకు ప్రత్యేకంగా ఏమీ లేదు. ఎవరైనా ఒకరిని చంపి ఆత్మరక్షణ కోసం చంపానంటే ఆ మాట కోర్టులో నిరూపించుకోవాలి. నిందితులు పిస్టళ్లు లాక్కున్నారని, కళ్లలో మట్టి కొట్టారని, తమ మీద కాల్పులు జరిపారని పోలీసులు చెప్పారు. కమిషన్ ఆ కథను నమ్మలేదు. మాజీ సుప్రీంకోర్టు న్యాయమూర్తి, మాజీ హైకోర్టు న్యాయమూర్తి, మాజీ సీబీఐ డైరెక్టర్ కూర్చుని సాక్షులను విని, ఫోరెన్సిక్ ఆధారాలు చూసి చెప్పిన మాట అది. హక్కుల సంఘం కరపత్రం కాదు.

ఈ కథ మనకు కొత్తది కూడా కాదు. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితులను సాక్ష్యాలు చూపించడానికి తీసుకెళ్లినప్పుడు దాడి చేశారంటూ కాల్చి చంపారు. అప్పటి వరంగల్ ఎస్పీయే 2019లో సైబరాబాద్ కమిషనర్. 2015 ఏప్రిల్ 7న ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు పోలీసు వ్యానులోనే చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారన్నారు. చేతులకు బేడీలతో సీట్లలో ఒరిగిపోయిన శవాల ఫొటోలు మనం పేపర్లలో చూశాం. అదే రోజు శేషాచలం అడవుల్లో ఇరవైమంది తమిళ కూలీలను ఎర్రచందనం దొంగలంటూ కాల్చి చంపారు. ఊళ్లు వేరు, ఆరోపణలు వేరు, చెప్పే కథ మాత్రం ఒక్కటే.

"కోర్టుల మీద నమ్మకం లేకే కదా జనం చప్పట్లు కొట్టింది" అని నా స్నేహితులే అడుగుతారు. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. ఏళ్లకేళ్లు వాయిదాల కోసం తిరిగిన ఆడవాళ్లు నాకు తెలుసు. లాయర్ ఫీజుకు గాజులు అమ్ముకున్నవాళ్లు తెలుసు. కానీ అదే రాష్ట్రంలో, అదే నవంబర్‌లో, పశువైద్యురాలి హత్యకు మూడు రోజుల ముందు జరిగిన ఇంకో నేరం సంగతి ఎంతమందికి గుర్తుంది?

2019 నవంబర్ 24న ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి చిన్న చిన్న సామాన్లు అమ్ముకుని బతికే ఒక పేద మహిళ మీద ముగ్గురు అత్యాచారం చేసి చంపేశారు. ఆమెకు సమత అని పేరు పెట్టారు. ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టు వేశారు. పోలీసులు చార్జిషీటు వేశారు, సాక్షులను విచారించారు, నిందితుల తరఫు వాదన విన్నారు. 2020 జనవరి 30న తీర్పొచ్చింది. ముగ్గురికీ మరణశిక్ష. నేరం జరిగిన రెండు నెలల చిల్లరలో కేసు తేలింది.

2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాపను ఎత్తుకెళ్లి చంపిన కేసులో ఆగస్టు 8కల్లా వరంగల్ కోర్టు తీర్పు చెప్పింది. తర్వాత హైకోర్టు ఆ మరణశిక్షను జీవిత ఖైదుగా మార్చింది. అప్పీలు అంటే అదే, ఒక కోర్టు తొందరపడిందేమోనని ఇంకో కోర్టు చూడటం.

అంటే పోలీసులు శ్రద్ధ పెడితే, ప్రభుత్వం జడ్జిని, పబ్లిక్ ప్రాసిక్యూటర్ని, ల్యాబ్ రిపోర్టును వేళకు ఇస్తే ఈ రాష్ట్రంలోనే కోర్టులు నెలల్లో పని చేశాయి. చటాన్‌పల్లి కేసు అలా తేలదని ఎవరు చెప్పారు? సీసీటీవీ ఉంది, లారీ ఉంది, సెల్ టవర్ రికార్డులు ఉన్నాయి, దేశం మొత్తం కళ్లు అక్కడే ఉన్నాయి. ఫాస్ట్‌ట్రాక్ కోర్టు కూడా వేశారు. ఆ కోర్టు ఒక్క సాక్షినీ వినకముందే తీర్పు తెల్లవారుజామున పొలంలో అమలైపోయింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆదిలాబాద్ తీర్పు వచ్చిన రోజు ఎవరూ పూలు చల్లలేదు. ఆ పోలీసులకు, ఆ ప్రాసిక్యూటర్‌కు రాఖీలు కట్టలేదు. వాళ్లు చేసిందే అసలు పని. ఊళ్లో తిరిగి సామాన్లు అమ్ముకునే ఆడమనిషికి న్యాయం చేసిన పోలీసుల పేర్లు మనకు తెలియవు. కాల్చినవాళ్ల పేర్లు తెలుసు. ఏ పోలీసింగ్‌కు మనం విలువిస్తున్నామో దీన్నిబట్టే డిపార్ట్‌మెంటుకు అర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో అప్పటి ముఖ్యమంత్రి పక్క రాష్ట్ర ముఖ్యమంత్రికీ పోలీసులకూ హ్యాట్సాఫ్ చెప్పారు. అదే డిసెంబర్‌లో ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు అంటూ, ఆ పశువైద్యురాలికి పెట్టిన దిశ అన్న పేరుతో బిల్లు పాస్ చేశారు. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు, చట్టం కాలేదు. హ్యాట్సాఫ్ మాత్రం అందరికీ గుర్తుంది.

"వాళ్లే చేశారని తేలింది కదా" అనేవాళ్లు ఎక్కువమంది. ఎవరు తేల్చారు? పోలీసులు తేల్చారు. సరే, పోలీసులు తేల్చిన ఇంకో కేసు చూద్దాం.

2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక బి.ఫార్మసీ విద్యార్థినిని అత్యాచారం చేసి చంపారు. ఆ ఊరే కాదు, రాష్ట్రమంతా రగిలిపోయింది. నెలలపాటు పోలీసుల మీద ఒత్తిడి. 2008 ఆగస్టులో నందిగామ వైపు ఊరికి చెందిన ఒక పేద దళిత యువకుడిని అరెస్టు చేసి, వీడే చేశాడు, నేరం ఒప్పుకున్నాడు అన్నారు. ఆ అమ్మాయి తల్లిదండ్రులే నమ్మలేదు. ఇతను కాదు, అసలు దోషులు వేరే అని మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నారు. అయినా 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అని విడుదల చేసింది, నష్టపరిహారం ఇవ్వమంది, దర్యాప్తు చేసిన పోలీసుల మీద చర్యలు తీసుకోమంది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో మగ్గి బయటికొచ్చాడు.

ఒక్కసారి ఆలోచించండి. 2008 ఆగస్టులో ఏదో ఒక తెల్లవారుజామున, నేరం ఎలా జరిగిందో చూపించాలని, సీన్ రీకన్‌స్ట్రక్షన్ అని అతన్ని కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్లి కాల్చేసి ఉంటే? పూలు చల్లేవాళ్లం. స్వీట్లు పంచేవాళ్లం. ఆ తల్లి "ఇతను కాదు" అని అరిచినా ఎవరూ వినేవాళ్లు కాదు. అతను ప్రాణాలతో బయటపడ్డాడంటే కారణం ఒక్కటే, అతన్ని కోర్టుకు తెచ్చారు. ఆ కోర్టు తప్పు చేసింది, పై కోర్టు దిద్దింది. తూటాకు పై కోర్టు లేదు.

చటాన్‌పల్లి నలుగురూ ఆ నేరం చేయలేదని నేను అనడం లేదు. నాకు తెలియదు. మీకూ తెలియదు. తెలుసుకునే దారిని మూసేశారన్నదే నా బాధ.

తుపాకీ సంగతి ఇలా ఉంటే, రోజూ జరిగేది లాఠీ సంగతి. ఈ రెండూ వేర్వేరు విషయాలని నేను అనుకోను. పెద్ద నేరానికి చంపేయొచ్చని మనం ఒప్పుకున్నాక, చిన్న నేరానికి కొట్టొచ్చని ఒప్పుకోవడం ఎంతసేపు?

2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో, ఒక పాస్టర్ ఇంట్లో డబ్బు పోయిందన్న ఫిర్యాదు మీద తీసుకొచ్చిన దళిత మహిళ చనిపోయింది. వంట పనికి వచ్చిన మనిషి. కొడుకును కూడా కొట్టారు. హైకోర్టు ఆదేశిస్తే శవాన్ని బయటికి తీసి మళ్లీ పోస్టుమార్టం చేశారు. ఎస్సైనీ ఇద్దరు కానిస్టేబుళ్లనూ ఉద్యోగాల నుంచి తీసేశారు. 2023లో మెదక్‌లో గొలుసు దొంగతనం కేసులో, సీసీటీవీలో కనిపించిన మనిషిలా ఉన్నాడని ఒక కూలీని పట్టుకెళ్లారు. తనను ఎలా కొట్టారో ఆస్పత్రి మంచం మీద నుంచి వీడియోలో చెప్పి చనిపోయాడు. 2020 జులైలో తూర్పు గోదావరి సీతానగరం స్టేషన్‌లో ఒక దళిత యువకుడిని కొట్టి గుండు గీయించారు. వీళ్లెవరూ కరుడుగట్టిన నేరస్తులు కారు. వీళ్లకు ఉన్న లోటు ఒక్కటే, వీళ్లకోసం ఫోన్ చేసేవాళ్లు లేరు.

ఆ ఫోన్ విలువ మా ఇంట్లో మాకు తెలిసింది. మా పిన్ని కొడుకు డిగ్రీ చదివేటప్పుడు ఉన్న హాస్టల్ దగ్గర సెల్‌ఫోన్లు పోయాయి. సాయంత్రం ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి "ఊరికే విచారణకు, ఇప్పుడే పంపించేస్తాం" అని స్టేషన్‌కు తీసుకెళ్లారు. నోటీసు లేదు, కాగితం లేదు, ఇంటికి కబురు లేదు. అరికాళ్ల మీద కొట్టారు. మా బాబాయికి తెలిసిన ఒక మండల నాయకుడు ఫోన్ చేస్తే అర్ధరాత్రి వదిలేశారు. "బాబు మంచోడే సార్, చిన్న పొరపాటు" అన్నారట. వాడితోపాటు పట్టుకొచ్చిన ఇద్దరు కుర్రాళ్లు పక్క అపార్ట్‌మెంట్ కడుతున్న దగ్గర కూలీలు. మావాడు బయటికొచ్చేటప్పుడు వాళ్లు గోడకు ఆనుకుని అక్కడే ఉన్నారు. వాళ్లకు ఎవరు ఫోన్ చేశారో, అసలు చేశారో లేదో మాకు తెలియదు. మా ఇంట్లో ఆ రాత్రి అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ ఇద్దరి గురించి మాట్లాడింది ఒక్క మా పిన్నే.

రాజ్యాంగం మావాడికి, ఆ ఇద్దరికి ఒకేలా ఉండాలి. ఆ రాత్రి ఎవరికీ లేదు. మాకు పరిచయం ఉంది, అంతే. మధ్యతరగతి వాళ్లం హక్కుల గురించి మాట్లాడకపోవడానికి అసలు కారణం ఇదేనని నాకు అనిపిస్తుంది. మన పని హక్కులతో కాదు, తెలిసినవాళ్లతో జరిగిపోతోంది. తెలిసినవాళ్లు లేని మనిషికి హక్కు తప్ప వేరే దిక్కు లేదు.

చేతిలో కాగితం లేక కాదు ఇదంతా. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అరెస్టు చేసే పోలీసు పేరు బ్యాడ్జి మీద కనిపించాలి. అరెస్టు మెమో రాసి, తేదీ, టైము వేసి, ఇంటివాళ్లో ఊరివాళ్లో ఒకరితో సాక్షి సంతకం పెట్టించాలి. బంధువుకు కబురు చెప్పాలి. ఒంటి మీద గాయాలు రాయాలి, నలభై ఎనిమిది గంటలకోసారి డాక్టరుకు చూపించాలి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో, ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో ఎడాపెడా అరెస్టులు వద్దు, నోటీసు ఇచ్చి పిలవండి అంది. మనవాళ్లందరి నోళ్లలో నలిగే పాత సీఆర్‌పీసీ 41ఏ నోటీసు అదే. 2020 డిసెంబర్‌లో ప్రతి స్టేషన్‌లో మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టి, పద్దెనిమిది నెలలు ఫుటేజీ దాచమంది. ఎవరైనా కస్టడీలో చనిపోయిన ప్రతిసారీ ఆ రోజు కెమెరా పనిచేయలేదన్న మాటే ఎందుకు వినిపిస్తుంది?

అరెస్టు చేసి మూడు రోజుల తర్వాత "అరెస్టు చూపించడం" అన్నది మన ఊళ్లలో అందరికీ తెలిసిన మాట. ఆ మూడు రోజులు ఆ మనిషి ఎక్కడా లేడు. స్టేషన్ డైరీలో లేడు, జైల్లో లేడు, ఇంట్లో లేడు. దెబ్బలన్నీ ఆ మూడు రోజుల్లోనే. రిమాండ్‌కు తెచ్చినప్పుడు మేజిస్ట్రేట్ తలెత్తి చూసి "పోలీసులు కొట్టారా? ఎప్పుడు పట్టుకున్నారు?" అని మనస్ఫూర్తిగా అడిగి, జవాబు రాసుకుంటే సగం ఆగుతుంది. పోలీసులు పక్కకు జరిగాక అడిగితే ఇంకా ఎక్కువ ఆగుతుంది. రాత్రి ఇంటికి తెచ్చిన ఫైలు మీద సంతకం పెట్టేస్తే ఏదీ ఆగదు.

ఈ విషయంలో తెలుగు నేల దేశానికి చాలా నేర్పింది. ఎమర్జెన్సీ మొదలైన నెల రోజులకే, 1975 జులైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను చెట్లకు కట్టేసి కాల్చారు. ఆ నిజం బయటికి తెచ్చింది 1977లో వి.ఎం. తార్కుండే నాయకత్వంలో జయప్రకాశ్ నారాయణ వేసిన కమిటీ. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో ఒక మహిళ మీద అత్యాచారం చేసి, ఆమె భర్త అయిన రిక్షా కార్మికుడిని కొట్టి చంపారు. ఊరు భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పంది, కేసు కర్ణాటకకు బదిలీ అయ్యింది, రాయచూరు కోర్టులో నిందితులు బయటపడ్డారు. చటాన్‌పల్లిలో పూలు చల్లినవాళ్ల అమ్మానాన్నలు ఆ రోజు నల్లకుంట స్టేషన్ మీదికి వెళ్లినవాళ్లే అయ్యుండొచ్చు.

మన దగ్గరి పౌరహక్కుల సంఘం పెట్టిన ఫిర్యాదుల మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997లో ఎన్‌కౌంటర్ చావులకు నిబంధనలు రాసి అన్ని రాష్ట్రాలకూ పంపింది. కన్నబిరాన్, బాలగోపాల్ లాంటి హక్కుల ఉద్యమకారులు కోర్టుల్లో, ఊళ్లలో ఏళ్ల తరబడి తిరిగి సాధించింది అది. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జిల బెంచి ఇంకా ముందుకెళ్లింది. ఎన్‌కౌంటర్‌లో ఎవరు చనిపోయినా కేసు కట్టాల్సిందే, ఆత్మరక్షణ అన్నది కోర్టు విచారణలో తేలాల్సిందే అంది. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంది. 2014లో సుప్రీంకోర్టు తన పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్ఐఆర్ కట్టాలి, వేరే స్టేషనో సీఐడీనో దర్యాప్తు చేయాలి, మేజిస్ట్రేట్ విచారణ జరగాలి, ఆ వెంటనే మెడళ్లూ ప్రమోషన్లూ ఇవ్వకూడదు. మెడళ్లు వద్దన్నారు సరే, పూలు చల్లొద్దని ఏ కోర్టు చెప్పగలదు?

పోలీసుల్లో నాకు బంధువులున్నారు. మా మేనమామ హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. బందోబస్తు అంటే ఎండలో పన్నెండు గంటలు నిలబడటం, తిండి లేదు, బాత్రూమ్ లేదు. పైనుంచి "రేపటికి కేసు తేలాలి" అని ఒత్తిడి. వేలిముద్రలు, సెల్ డేటా పట్టుకుని తిరగడానికి మనుషులు చాలరు. కొడితే పది నిమిషాల్లో జవాబు వస్తుంది, అది నిజమో కాదో తర్వాత సంగతి. "మేం నేర్చుకున్నది లాఠీ పనే, వేరే పని నేర్పలేదు" అనేవారాయన. ఆయన మాటలో నాకు సాకు కంటే దుఃఖం ఎక్కువ వినిపించేది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు శాంతిభద్రతల పనినీ దర్యాప్తు పనినీ వేరు చేయమంది, పోలీసుల మీద ఫిర్యాదులు వినే అథారిటీ పెట్టమంది. ప్రభుత్వాలకు అది ఇష్టం లేదు. తమ మాట వినే స్టేషనే వాళ్లకు కావాలి. దర్యాప్తు తెలిసిన పోలీసు నాయకుడి మాట వినకపోవచ్చు. కొట్టడం మాత్రమే తెలిసినవాడు నాయకుడు చూపించినవాడినల్లా కొడతాడు.

"మీ ఇంట్లో జరిగితే ఇలాగే మాట్లాడతావా అక్కా?" అని ఆఫీసులో ఒక చెల్లెలు అడిగింది. మంచి ప్రశ్నే. నాకు జరిగితే, నా చెల్లెలికి జరిగితే, నాకు పిచ్చెక్కుతుంది. నేనే కత్తి పట్టుకోవచ్చు. అందుకే ఆ నిర్ణయం నా చేతిలో ఉండకూడదు, నాకోసమని వేరేవాళ్లు తీసుకోనూకూడదు. నాకు కావల్సింది ఆ రాత్రే ఫిర్యాదు తీసుకునే ఎస్సై. పరిధి అడగని స్టేషన్. ఎవరితో వెళ్లిందో అనని నోరు. టోల్‌గేట్ దగ్గర లైటు, తిరిగే పెట్రోలింగ్ బండి. బతికుండగా రావాలి అవన్నీ. ఇవేవీ ఇవ్వలేక, పదో రోజున నాలుగు శవాలు చూపిస్తే నేను తీసుకోను.

సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 జనవరిలో సుప్రీంకోర్టుకు చేరింది. మేలో సుప్రీంకోర్టు దాన్ని బయటపెట్టి తెలంగాణ హైకోర్టుకు పంపింది. పోలీసు అధికారులు ఆ నివేదికను సవాలు చేస్తూ హైకోర్టుకు వెళ్లారు. వెళ్లడం వాళ్ల హక్కు. వాళ్లను ఉరి తీయాలనో, రాళ్లతో కొట్టాలనో నేను కోరను. వాళ్లను అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు తేవాలి, వాళ్లకు మంచి లాయర్లు ఉండాలి. ఏ బార్ అసోసియేషనూ వాళ్లకు అడ్డు తీర్మానం చేయకూడదు. కళ్లలో మట్టి పడిందన్నది, పిస్టల్ లాక్కున్నారన్నది నిజమైతే ఆ మాట ఒక జడ్జి ముందు, రికార్డు మీద, క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబెట్టుకునే అవకాశం పూర్తిగా దొరకాలి. నిలిస్తే వాళ్లు నిర్దోషులుగా ఇంటికి వెళ్లాలి. ఆ నలుగురికి మనం ఇవ్వకుండా ఎగ్గొట్టిన ప్రతి హక్కునూ ఈ పదిమందికీ ఇచ్చి, ఆ విచారణ మొదలుపెట్టాలి.